తెల్ల కాగితం లేదన్నారు

మనం గెలిచామని రేడియో చెప్పినప్పుడు నేను పెరట్లో బార్లీ కడుగుతున్నాను. జూన్ వానలు పట్టే రోజులు. మాకు రేడియో లేదని తెలిసి పక్కింటి ఉమెనో తన రేడియో గొంతు పెంచింది. ముందు నౌకాదళం బాణీ మోగింది. నౌకాదళం రేవున్న మా కురే ఊళ్లో ఆ బాణీ వినపడితే చేతిలో పని వదిలి నిలబడాలి. తడిచేతులతో నిలబడ్డాను. మిడ్‌వే అనే దీవి దగ్గర శత్రువు విమానవాహక నౌకలు రెండింటిని ముంచామని ఆ గొంతు చెప్పింది. ఆఖర్న, అదే ఊపులో, మన నష్టం కూడా చదివేసింది: ఒక విమానవాహక నౌక మునిగింది, ఇంకొకటి బాగా దెబ్బతింది.

మునిగినవి నాలుగు. చదివినవాడికి ఆ సంగతి తెలుసో లేదో గాని, వాడి చేతికి కాగితం ఇచ్చినవాళ్లకి తెలుసు. మాకు తెలియడానికి యుద్ధం ముగియాల్సి వచ్చింది. ఇన్నేళ్ల తరవాత కూడా ఆ 'ఒకటి' అన్న మాట గుర్తొస్తే చేతిలో ఉన్న గిన్నెని దబ్బున కింద పెడతాను.

మా ఆయన సెయికిచి అలాంటి విమానవాహక నౌకలోనే ఇంజను గదిలో పనిచేసేవాడు. మే నెలాఖర్లో ఒక పూట ఇంటికొచ్చి వెళ్లాడు. ఎక్కడికని నేనడగలేదు, అడగకూడదు. "మేమెక్కడికి వెళ్తున్నామో ఊళ్లో మంగలికి కూడా తెలుసు. తెలియనిది నీకొక్కదానికే" అని నవ్వుతూ మెట్లు దిగాడు. మా వీధి మొత్తం మెట్లే. కింది మెట్టు దాకా ఆ నవ్వు వినపడుతూనే ఉంది.

బాణీ ఆగగానే ఉమెనో గోడ మీంచి తల పెట్టింది. ఆమె తమ్ముడు హిసాషి కూడా సెయికిచి ఓడలోనే ఉన్నాడు. తల్లి పోతే ఆ పిల్లాణ్ణి తనే ఎత్తుకుని పెంచింది.

"ఏమే కినుయే, విన్నావా? రెండు ముంచారు, రెండు! జెండా ఏదే మీ గుమ్మానికి?"

"మనదొకటి పోయిందన్నారు కదా వదినా."

"ఒకటేగా! ఉన్నవాటిల్లో మనవాళ్ల ఓడే పోయిందని ఎవరు చెప్పారు నీకు? మా హిసాషి లేడూ ఆ ఓడలో? నేనేమన్నా ఏడుస్తున్నానా? మొగుడు ఓడ మీద ఉండగా జెండా కట్టకపోతే వీధి వీధంతా ఏమనుకుంటుంది?"

లోపల్నుంచి మా అత్తగారు రికు అరిచింది. "కడతాంలేవే తల్లీ! బార్లీ ఉడకనీ. జెండా వండుకు తింటామా?"

జెండా కట్టాం. సాయంత్రం పిల్లలు పాటలు పాడుకుంటూ మెట్లెక్కి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చేతులూపాం. ఆ చేతులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అత్తగారు పూటపూటా కొడుకు వాటా వడ్డించేది. దూరాన ఉన్నవాడు ఆకలితో ఉండకూడదని చిన్న పళ్లెంలో అన్నం, మూత పెట్టిన గిన్నెలో పులుసు అతని చోటులో పెట్టేది. మేం తినడం అయ్యాక మూత తీసి చూసేది. మూత లోపల నీటి చుక్కలుంటే మనిషి క్షేమం. పులుసు వేడిగా పోస్తే చుక్కలు రాకుండా ఎక్కడికి పోతాయి? ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. అయినా రోజూ మూత తిప్పి నాకు చూపించేది. నేను రోజూ తల ఊపేదాన్ని.

జూన్ వెళ్లిపోయింది. ఉత్తరం రాలేదు. సెయికిచి ఉత్తరాల్లో ఏమీ ఉండేది కాదు. ఎండగా ఉంది, ఆరోగ్యంగా ఉన్నాను, అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి, అంతే. ఆ మాత్రం కూడా రాలేదు. రేవు దగ్గర నావికుల సామాను పంపించే కార్యాలయం ఒకటుండేది. గోచీ గుడ్డలు, ఎండు రేగుపళ్లు, పళ్లపొడి మూటకట్టి ఓడ పేరు చెప్పి ఇచ్చాను. కిటికీ అవతలివాడు ఓడ పేరు విని నా మొహంలోకి చూడకుండా మూట తీసుకున్నాడు. జులైలో ఇంకో మూట ఇచ్చాను. అదీ తీసుకున్నాడు. సముద్రం అడుగున పడున్న ఓడకి మా మూటలు తీసుకుంటూనే ఉన్నారు. ఆ రేగుపళ్లు ఎవరు తిన్నారో నాకు ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంది.

ఉమెనో నౌకాదళం ఆసుపత్రి వంటింటికి ముల్లంగి, వంకాయలు మోసేది. జులైలో ఒకరోజు ఖాళీ బుట్టతో మెట్లెక్కి వస్తూ మా గుమ్మం ముందు ఆగింది. ఆమె నోరు మూసుకుని నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"ఏం వదినా, ఎండ దెబ్బ తగిలిందా?"

"కొండవైపు వార్డు కిటికీలన్నీ బిగించేశారే. ఈ ఎండలో! గాలాడదు కదా లోపల." బుట్ట కింద పెట్టింది. "తలుపు దగ్గర కాపలా పెట్టారు. వాడు బయటికి చూస్తూ నిలబడలేదే కినుయే. లోపలికి చూస్తూ నిలబడ్డాడు."

"అంటే?"

"అంటే నాకేం తెలుసు! వంటింట్లో మాత్రం గంజి తిప్పుతున్నారు, గుండిగలకు గుండిగలు. నమలలేనివాళ్లకి పోసే గంజి."

మర్నాడు నేను వెళ్లాను. గేటు దగ్గర సైనికుడు కుర్రవాడు కాదు, మెడ కింద నెరిసిన వెంట్రుకలున్నవాడు.

"మా ఆయన లోపలున్నాడేమో చూడాలి."

"ఇక్కడ నావికులెవరూ లేరమ్మా."

"నావికుడని నేను అనలేదే."

అతను లోపలికి ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "వెళ్లిపో తల్లీ. నిన్ను పంపకపోతే నన్నంటారు."

నేను వెళ్లలేదు. గొంతు చించుకుని "సెయికిచీ!" అని అరిచాను. జీవితంలో మొదటిసారి మా ఆయన్ని బజార్న పేరు పెట్టి పిలిచాను. మూసిన కిటికీల వెనక ఎవరో అప్పటిదాకా దగ్గుతున్నారు. ఆ దగ్గు టక్కున ఆగిపోయింది. అంతే. నన్ను భుజం పట్టుకుని రోడ్డు దాకా నడిపించారు. కాలిన ఒంటికి రాసే నూనె వాసన రోడ్డు మీద కూడా ఉంది.

ఆ దగ్గునే పట్టుకుని నేను ఆ నెలంతా బతికాను. అది ఆయన దగ్గేనని అత్తగారికి చెప్పాను. ఇంజను గది పొగకి ఆయన అలాగే దగ్గేవాడని చెప్పాను. ఆమె గిన్నెలో పులుసు పోసి మూత పెట్టింది.

ఆగస్టులో, పోయినవాళ్లు ఇళ్లకొస్తారనే బొన్ పండగ వచ్చింది. మా వైపు పండగకి, పోయినవాళ్ల సమాధుల దగ్గర వెదురు కర్రకి రంగు కాగితపు దీపం కట్టి గుచ్చుతాం. ఆ ఏడాది పోయినవాళ్లకైతే తెల్ల దీపం. కాగితం కూడా అప్పుడు వీధి సంఘం ద్వారానే వచ్చేది. మా వీధి సంఘం పెద్ద కజిహారా. తన సారాకొట్టు మూతపడ్డాక అతనికి ఉప్పు పంచడం, జనాన్ని వరసలో నిలబెట్టడం పనైపోయింది. చెడ్డవాడు కాదు. చేతికి కట్టుకున్న సంఘం పట్టీ మాత్రం ఎప్పుడూ ఇస్త్రీ చేసి ఉండేది.

కాగితం పంచడానికి ఆ ఏడు మా వసారాలోనే కూర్చున్నాడు, మా ఇల్లు వీధి మధ్యలో ఉందని. ఎరుపు, పసుపు, నీలం కట్టలు ముందు పెట్టుకున్నాడు. ఆడవాళ్లందరం మెట్ల మీద కూర్చున్నాం.

"ఇంటికొక్క దీపమే. లోపల కొవ్వొత్తి వెలిగించకూడదు, పైనుంచి విమానాలకి కనిపిస్తుంది. ఇంకోమాట. ఈ ఏడు తెల్ల కాగితం లేదు. తెల్ల దీపాలు ఎవరూ పెట్టకూడదు."

చేపలమ్మే ముసలామె మొగుడు ఆ వసంతంలోనే పోయాడు. ఆమె లేచింది. "మరి మా ఆయనకో? మొదటి ఏడు కదయ్యా, ఎర్రది పెట్టమంటావా? పెళ్లనుకుంటాడు పాపం!"

అందరూ నవ్వారు. కజిహారా కూడా నవ్వాడు. "మీకు నేనిప్పిస్తాలే పిన్నీ. మీది వేరే సంగతి. మంచం మీద పోయినవాళ్లకి ఇస్తారు."

నవ్వు ఆగిపోయింది. అతనికి మాత్రం ఇంకా అర్థం కాలేదు. కట్టలు సర్దుకుంటున్నాడు.

మా అత్తగారు వసారా చివర కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. తల ఎత్తకుండా అడిగింది. "అయితే తెల్ల కాగితం ఉందన్నమాట తమ్ముడూ."

"అబ్బే, తక్కువగా ఉంది అక్కయ్యా."

"రంగు కాగితానికి రంగు కావాలి. తెల్లదానికి ఏమీ అక్కర్లేదు. రంగులన్నీ దొరికి తెలుపు దొరక్కపోయిందా?"

"నాదేముంది, పైనుంచి చెప్పారు."

"ఎవరు?"

"నౌకాదళం వాళ్లు."

అనేశాక తెలిసింది అతనికి. చేతి పట్టీ సర్దుకున్నాడు. ఎండలో చెమట అతని గడ్డం మీంచి ఎర్ర కాగితం మీద పడి మరక చేసింది.

"ఉప్పు పంచినప్పుడు రాలేదు వాళ్లు, బొగ్గు పంచినప్పుడు రాలేదు" అంది అత్తగారు. "చచ్చిపోయినవాళ్ల దీపాలు ఏ రంగులో ఉండాలో చెప్పడానికి ఎందుకొచ్చారో!"

మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్లలో సగం మందికి ఎవరో ఒకరు సముద్రం మీద ఉన్నారు. ఒక్కొక్కరే లేచి తమ రంగు కాగితం తీసుకుని వెళ్లిపోయారు. ఉమెనో నీలం తీసుకుంది. నా వైపు చూడలేదు.

ఆ మధ్యాహ్నం అత్తగారు ఎప్పటిలాగే వడ్డించింది. కొడుకు పళ్లెం అతని చోటులో పెట్టింది. కాసేపు చూసింది. తరవాత దాన్ని నా ముందుకు జరిపింది.

"తిను. చల్లారిపోతుంది."

"ఇదేమిటత్తయ్యా?"

"తినమన్నాను."

నేను ముట్టుకోలేదు. ఆమె మూత తీసి, లోపలి వైపు చూడకుండా నేల మీద బోర్లించింది.

మర్నాడు పొద్దున చర్రుమని శబ్దం వినిపించి ముందుగదిలోకి వచ్చాను. అత్తగారు వీధివైపు కాగితపు తలుపు చట్రం మీంచి తెల్ల కాగితం ఊడదీస్తోంది. అంచులు తడిపి, గోరుతో లేపి, మెల్లగా లాగుతోంది. ఒక పెద్ద ముక్క అప్పటికే చాప మీద పరిచి ఉంది. పక్కన చీల్చిన వెదురు.

నాకు మతిపోయింది. "ఏం చేస్తున్నారు? బతికున్నవాడికి తెల్ల దీపమా? మీ కొడుకే కదా! మీకు చేతులెలా వచ్చాయి?"

"గొంతు తగ్గించు."

"తగ్గించను! అది ఆయన దగ్గే. నేను విన్నాను. రేపు ఆ వార్డు తలుపులు తీస్తారు, ఆయన మెట్లెక్కి వస్తాడు, వచ్చి తన దీపం తనే చూసుకోవాలా? మీకసలు ఏడుపు రాదా?"

ఆమె చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాను. ఆ చేత్తోనే జిగురు గిన్నె దగ్గరికి లాక్కుంది.

"వాడు దగ్గితే మంచిదే. నాకు మాత్రం వద్దా? నేను దీన్ని చేసిస్తాను. నువ్వు పట్టుకెళ్లు. నువ్వు మూటలిచ్చే కార్యాలయానికే పట్టుకెళ్లు. సెయికిచి బతికున్నాడని ఒక్క మాట అనమను వాళ్లని. కాయితం అక్కర్లేదు, ముద్ర అక్కర్లేదు. నోటితో అంటే చాలు. అంటే ఇంటికొచ్చి దీన్ని పొయ్యిలో పెట్టు. నేను నీ కాళ్లు పట్టుకుంటాను."

పట్టపగలు, మెట్లన్నీ దిగి, బజారు గుండా, వెదురు కర్ర మీద తెల్ల దీపం భుజానికి ఆనించుకుని నడిచాను. జనం పక్కకి తప్పుకున్నారు. ఒక పోలీసు నన్ను చూసి, మళ్లీ చూసి, అటువైపు తిరిగి నిలబడ్డాడు.

కిటికీలో రోజూ ఉండేవాడు నన్ను చూడగానే లేచి లోపలికి పోయాడు. ఒక అధికారి వచ్చాడు. నా వయసువాడే. తెల్లటి దుస్తులు, గుండీలన్నీ మెరుస్తున్నాయి.

"ఏమిటిది?"

"దీపం బాబూ. మా ఆయన కోసం చేసింది మా అత్తగారు. ఆయన బతికే ఉన్నాడని మీరొక్క మాటంటే ఇక్కడే చించేస్తాను."

"నీ భర్త ఉన్న ఓడ విధుల్లో ఉంది."

"ఓడ సంగతి అడగలేదు. ఆయన బతికున్నాడా?"

"ఓడ ఎక్కడుందో చెప్పడం కుదరదు."

"వద్దు, చెప్పకండి. ఓడ ఎక్కడుంటే నాకేం! మనిషి ఉన్నాడా, లేడా? తలూపినా చాలు."

అతను నా వైపు చూడలేదు. దీపం వైపు చూశాడు. దాని అంచులు అత్తగారు ఎంత సాఫీగా అంటించిందో చూస్తున్నట్టు చూశాడు. ఓడ గురించి అబద్ధం చెప్పడానికి అతనికి క్షణం పట్టలేదు. మనిషి గురించి చెప్పలేకపోయాడు. ఎందుకో నాకు తెలియదు. ఆ పాటి తడబాటుకి అతనికి దణ్ణం పెట్టమంటే మాత్రం పెట్టను.

"దాన్ని ఎక్కడా పెట్టకూడదు" అన్నాడు చివరికి. "పెడితే మీ వీధికి ఇబ్బందవుతుంది. ఇంటికి తీసుకెళ్లి లోపల దాచుకో."

చించెయ్ అనలేదు. దాచుకో అన్నాడు.

నేను వచ్చిన పని అయిపోయింది. కర్ర భుజాన వేసుకుని వెనక్కి తిరిగాను. దారిలో ఏడవలేదు. ఏడిస్తే దారినపోయేవాళ్లు దయగా చూస్తారు, ఆ దయ నాకు అక్కర్లేదు. ఇంటికొచ్చాక కూడా అత్తగారికి ఏమీ చెప్పలేదు. దీపాన్ని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లకుండా గుమ్మం పక్కన నిలబెట్టాను. ఆమె చూసింది. ముందుగదిలోకి వెళ్లి, చట్రం మాత్రమే మిగిలిన తలుపు వెనక కూర్చుంది. బయటికి అంతా కనిపిస్తోందని కూడా మరిచిపోయి, నోట్లో కిమోనో అంచు కుక్కుకుని కూర్చుంది.

పండగ మొదటి రోజు సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే కొండెక్కాం. మా సమాధుల నుంచి చూస్తే కింద రేవంతా కనిపిస్తుంది, క్రేన్లు, ఓడలు, ఖాళీగా ఉన్న చోట్లు. కొండంతా ఎర్రవి, పసుపువి, నీలంవి. చేపలమ్మే పిన్ని పెట్టిన తెల్లది ఒకటి. మా మామగారి రాయి పక్కన మట్టి తవ్వి మాది గుచ్చాను. అత్తగారు చుట్టూ మట్టి నొక్కింది.

మేం అగరొత్తులు వెలిగిస్తుండగా కజిహారా రొప్పుతూ వచ్చాడు. పట్టీ జారి మోచేతి దగ్గరుంది.

"అక్కయ్యా, నీకు దణ్ణం పెడతాను, తీసెయ్. నా మెడకి చుట్టుకుంటుంది. వీధి మొత్తానికి పంచదార ఆపేస్తామన్నారు."

"పంచదార ఎక్కడిస్తున్నార్రా ఇప్పుడు?"

"నవ్వులాట కాదు. కినుయే, నువ్వన్నా చెప్పమ్మా."

"తీసేద్దాం" అన్నాను. అత్తగారు నా వైపు చూసింది. "మీరే తియ్యండి పెద్దాయనా. మావయ్యగారి పక్కన మట్టిలో ఉంది, చెయ్యి పెట్టి పీకండి. అందరూ చూస్తున్నారు, చూడనివ్వండి. పీకుతూ ఒక్క మాట మాత్రం గట్టిగా అనండి, సెయికిచి బతికే ఉన్నాడని. ఆ అధికారి అనలేకపోయాడు, మీరనండి."

కజిహారా వంగాడు. కర్ర మీద చెయ్యి వేశాడు కూడా. సెయికిచికి ఈత నేర్పింది అతనే. పీకకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జారిపోయిన పట్టీ ఊడదీసి జేబులో కుక్కుకుని, మా మామగారి రాయికి వంగి దణ్ణం పెట్టి, దిగి వెళ్లిపోయాడు.

కాసేపటికి పైనున్న వరసలోంచి ఉమెనో దిగి వచ్చింది. ఆమె చేతిలో తాను గుచ్చిన నీలం దీపం ఉంది, మొదలంటా మట్టితో సహా పీకేసింది.

"కినుయే" అంది. "మీ తలుపుకి ఇంకా కాగితం మిగిలిందా?"

"ఉంది వదినా. రెండో తలుపు అంతా ఉంది."

ఆ రాత్రికి అదీ అయిపోయింది. పై వీధి నుంచి కూడా వచ్చారు. గుమ్మంలో నిలబడి "కొంచెం కాగితం" అనేవాళ్లు, ఉప్పు అప్పుగా అడిగినట్టు. అత్తగారు కొలిచి, కోసి ఇచ్చేది. తెల్లారాక కొండవైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె మాత్రం వసారాలో నిలబడి చాలాసేపు చూసింది.

రెండు రోజుల్లో అన్నీ పీకించేశారు. కజిహారాని మార్చేసి వేరే ఎవర్నో పెట్టారు. మమ్మల్ని పిలిపించి చీవాట్లు పెట్టారు, శత్రువుకి సాయం చేసిన ఆడవాళ్లమన్నారు. మేం తలలు వంచుకుని విన్నాం. తలుపుకి కొత్త కాగితం కావాలా అని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు.

ఆ చలికాలమంతా ముందుగదిలో చట్రాలే. గాలి తిన్నగా లోపలికొచ్చేది. పొయ్యి దగ్గర ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని కూర్చునేవాళ్లం.

మంచు పడుతున్న ఒక పొద్దున రేవు నుంచి ఒకతను వచ్చాడు. తలుపు తట్టడానికి చెయ్యెత్తాడు గాని, చట్రంలోంచి మేం అన్నం తింటూ కనిపిస్తూనే ఉన్నాం. ఏం చెయ్యాలో తోచక మంచులోనే నిలబడి, జేబులోంచి కాగితం తీసి చదివాడు. దక్షిణ సముద్రంలో, వీరోచితంగా, అని ఏదో. మిడ్‌వే పేరు లేదు. జూన్ పేరు లేదు. చదవడం అయ్యాక నడుం దాకా వంగాడు.

అత్తగారు చేతిలో గిన్నె కింద పెట్టలేదు.

"ఆలస్యమైంది నాయనా" అంది. "ఆ పని మేమెప్పుడో చేసేశాం."